రేపల్లెలో ఆగిన గుండె

మా మిలటరీ వైద్యదళం తెనాలి స్టేషనులో ఉదయం ఆరున్నరకు దిగింది. డెబ్బై ఏడో సంవత్సరం, తుపాను వెళ్ళిన ఐదో రోజు. సన్నగా తుంపర. రేపల్లె రోడ్డు చాలాచోట్ల తెగిపోయి ఉంది. గంటన్నర దారికి ట్రక్కుల్లో తొమ్మిది గంటలు పట్టింది. నా పదిహేనేళ్ళ సర్వీసులో సొంత జిల్లాకు డ్యూటీ మీద రావడం అదొక్కసారే. మాది బాపట్ల.

నేను హవల్దారుని. పని ఆపరేషన్ గదిలో. మత్తు ఇచ్చే డాక్టరు పక్కన నిలబడాలి, నాడి పట్టుకోవాలి, అడిగింది అందించాలి. ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ నన్ను సరిహద్దు గురించే అడుగుతారు. నేను రేపల్లె గురించి చెబుతాను.

ఒక బడిలో మకాం. ఎనిమిదో తరగతి గదిని ఆపరేషన్ గది చేశాం. మడత బల్ల, జనరేటరు, రెండు ఆక్సిజన్ సిలిండర్లు. గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీసే మిషను ఒకటి. కాగితం తక్కువగా ఉందని దాన్ని పెట్టెలోంచి తీయలేదు. సర్జన్ మేజర్ గారు. మత్తు ఇచ్చేది కెప్టెన్ మేడమ్, కేరళ ఆవిడ. ఇద్దరితోనూ నా మాటలు హిందీలోనే.

మూడో రోజు పదింటికి అంకయ్యను తలుపు చెక్క మీద మోసుకొచ్చారు. పడవ మనిషి. వయసు నలభై అయిదుంటుంది. రెండు రోజులు నీళ్ళలో నిలబడి జనాన్ని పడవలోకి లాగాడట. గజ్జల్లో పాత వాపులోకి పేగు జారి ఇరుక్కుంది. ఇంకో పూట ఆగితే కుళ్ళిపోతుంది.

వెంట వచ్చిన అతని భార్య నాంచారమ్మను అడిగాను. "ఈయనకి ఇంకేమన్నా జబ్బుందా అమ్మా?"

"జబ్బేం లేదండి. ఎప్పుడన్నా తెల్లారగట్ట గుండెల్లో పట్టేసినట్టుంటదంటాడు. చెమట్లు పోస్తయ్యి. ఓ పావుగంటకి అదే పోద్దండి. మళ్ళీ లేచి వల లాగుతాడు."

"పని చేసేటప్పుడు రాదా?"

"రాదండి. పడుకున్నప్పుడే."

కెప్టెన్‌కు చెప్పాను. సిరంజి నింపుతున్న చెయ్యి ఆగింది.

"పడుకున్నప్పుడేనా? సరిగ్గా అడిగావా?"

"అడిగాను మేడమ్."

"మిషను తియ్యి. నాలుక కింద పెట్టే మాత్రలు కూడా." మేజర్ వైపు తిరిగింది. "ఆపరేషన్ తప్పదు సార్. కానీ నేను ఆగమన్నప్పుడు మీరు ఆగాలి."

"ఆగుతాను," అన్నాడాయన.

వరండాలో వైర్‌లెస్ ఆపరేటర్ తెనాలితో మాట్లాడుతున్నాడు. "ఆక్సిజన్ ఇంకో సిలిండరు కావాలి. ఓవర్." అటునుంచి జవాబు వచ్చింది. "దారి లేదు. రేపు. ఓవర్."

పదకొండూ ఇరవైకి మత్తు ఇచ్చారు. నాడి ఎనభై నాలుగు. ఇరవై నిమిషాలు అంతా సాఫీగా నడిచింది. మేజర్ పేగును మెల్లగా బయటికి లాగాడు. నా వేళ్ళ కింద నాడి ఒక దెబ్బ తప్పింది. తర్వాత రెండు. కాగితం మీద గీత గుట్టలా పైకి లేచింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరిగింది.

"ఆగండి సార్!"

మేజర్ చేతులు పైకెత్తాడు. గీత చదునైపోయింది. నా వేళ్ళ కింద ఏమీ లేదు.

"హవల్దార్, ఛాతీ!"

రెండు అరచేతులూ కలిపి ఎముక మీద పెట్టి నొక్కాను. కెప్టెన్ మత్తు ఆపేసి ఆక్సిజన్ పూర్తిగా తిప్పింది. సూదిమందు ఎక్కించింది. నేను లెక్కపెడుతూ నొక్కుతున్నాను. ఆ ఛాతీ బిడ్డల్నీ ముసలివాళ్ళనీ ఆనించుకుని పడవెక్కించిన ఛాతీ. తొంభై దాటాక ఆవిడ నా భుజం తట్టింది. "ఆగు."

ఆగాను. జనరేటరు చప్పుడు తప్ప ఏమీ లేదు. మిషను మీద గీత గీసే సూది కదిలింది. ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకొకటి. తర్వాత వరసగా వచ్చాయి.

గీత మాత్రం ఇంకా పైనే ఉంది. "గుండెకే నెత్తురు తెచ్చే నాళం బిగుసుకుంది. ఇది వదలాలి," అంది కెప్టెన్. రక్తపోటు చూసి మాత్ర నాలుక కింద పెట్టింది. ముగ్గురం ఆ కాగితం వంకే చూస్తూ నిలబడ్డాం. నాలుగు నిమిషాలకు గీత దిగడం మొదలుపెట్టింది. పిడికిలి విప్పినట్టు, తొందర లేకుండా దిగింది. మేజర్ తడిసిన కళ్ళు తుడుచుకోలేదు, చేతులు మైల చేసుకోకూడదు కాబట్టి.

పేగు బతికే ఉంది. ఒంటిగంటకు కుట్లు పూర్తయ్యాయి.

బయట నాంచారమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఆగిపోయిందాండీ?" అంది. "మరి మళ్ళీ ఎట్టా కొట్టుకుందండీ?"

లోపలికి వెళ్ళి అదే మాట కెప్టెన్‌ను అడిగాను. "మనం తలుపు తట్టాం, అంతే," అందావిడ. "ఎందుకు బిగిసిందో, ఎందుకు వదిలిందో నాకూ పూర్తిగా తెలియదు. ఆ భార్య చెప్పకపోతే ఆ మాత్రం కూడా చేయలేకపోయేవాళ్ళం."

పదకొండో రోజు తిరుగు ప్రయాణం ఆర్డరొచ్చింది. ఉదయం ఏడింటికి ట్రక్కులు. ఎక్కబోయే ముందు అంకయ్య ఉన్న గదిలోకి తొంగిచూశాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. అతను నిద్రపోతున్నాడు. నాంచారమ్మ కింద కూర్చుని, మంచంపట్టె మీద తల ఆనించి తనూ నిద్రపోయింది. ఆమె అరచెయ్యి అతని ఎడమ రొమ్ము మీద ఉంది. లోపలి దెబ్బకు ఆ చెయ్యి రవ్వంత లేస్తోంది, దిగుతోంది, మళ్ళీ లేస్తోంది.