తలుపు కింద నుంచి వచ్చిన ఆకులు

వీధిలో అందరూ ఆయన్ని కాజాలాయన అనే పిలిచేవాళ్లు. టైలరు షాపులో ముప్పై ఏళ్లుగా ఆయన పని ఒకటే. మాస్టరు కత్తిరించి మిషను మీద కుట్టి పడేసిన చొక్కాలకి చేత్తో కాజాలు తీయడం, గుండీలు కుట్టడం. షాపు వెనక, కిటికీ పక్కనున్న పొట్టి స్టూలు ఆయనది. "చొక్కా కుదిరితే మాస్టర్ని మెచ్చుకుంటారు, గుండీ ఊడితే మాత్రం నన్ను తిడతారు" అని నవ్వేవాడు. పనంటే ఆయనకి గర్వమే. కుట్టుకీ కుట్టుకీ మధ్య దారమంత సందు కూడా ఉండకూడదు, ఉంటే విప్పి మళ్లీ కుట్టేవాడు.

భార్య ఆసుపత్రిలో ఆయా. ఆయన రోజంతా మాట్లాడేటన్ని మాటలు ఆవిడ గుమ్మంలో చెప్పులు విప్పేలోపే మాట్లాడేసేది. ఇద్దరికీ ఒక్కతే కూతురు, చిట్టి. పంతొమ్మిదేళ్లది. తల్లి నోరు, తండ్రి నిదానం రెండూ వచ్చాయని మాస్టరు అంటే, "రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతాయి మాస్టారూ?" అనేది.

ఊరూరా అంటురోగం వచ్చి షాపులు మూతపడ్డాక ఆయన ఇంట్లో కూర్చున్నాడు. ఆవిడ మాత్రం డ్యూటీకి వెళ్తూనే ఉంది. వార్డులో మనుషులు చాలక రెండు షిఫ్టులు చేసేది. ఒకరోజు ఉండబట్టలేక, "కొన్నాళ్లు మానెయ్యవే" అన్నాడు.

"మానేస్తే వాళ్లకి మంచినీళ్లెవరు తాగిస్తారు? నువ్వొస్తావా?" అంది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మూడో వారంలో మొగుడూ పెళ్లాలిద్దరికీ ఒకేరోజు జ్వరం తగిలింది. పరీక్ష చేస్తే ఇద్దరికీ ఆ రోగమేనన్నారు. చిట్టికి లేదన్నారు. ఆవిడకి ఆయాసం కూడా మొదలవడంతో తను పనిచేసే వార్డులోనే మంచమిచ్చారు. వ్యాను ఎక్కబోతూ ఆవిడ మొగుడి వైపు వేలు చూపించి చెప్పింది: "నువ్వు వెనక గదిలో ఉండు. పిల్లని లోపలికి రానియ్యకు. నీ మెతకదనం నాకు తెలుసు, అది ఏడిస్తే కరిగిపోతావు. తలుపు తీశావో, వచ్చాక నీ పని చెప్తా."

వెనక గదికి ఆనుకుని బాత్రూము ఉంది కాబట్టి బయటికి రావలసిన పని లేదు. చిట్టి కంచం గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టి, వంటింట్లోకి వెళ్లిపోయేది. అప్పుడు తలుపు ఓరగా తీసి కంచం అందుకునేవాడు. మూడోరోజుకి జ్వరం తగ్గింది కానీ పని లేక ఆయన చేతులకి ఏమీ తోచలేదు. మంచం మీద కూర్చుని దుప్పటి అంచు మడుస్తూ విప్పుతూ ఉండేవాడు.

ఆరోజే తలుపు కింద నుంచి ఒక చిక్కుడాకు లోపలికి జారింది. పురుగు తిని నడుమ పొడుగ్గా ఒక చిల్లు పడింది.

"నాన్నా, దీనికి కాజా తీసిపెట్టు" అంది చిట్టి బయట నుంచి, నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. గదిలోని పెట్టె తెరిచి పాత తెల్ల దుప్పటి ఒకటీ, సూదీ, దారపు ఉండలూ తీశాడు. ఆకు పక్కన పెట్టుకుని దాన్ని గుడ్డ మీద కుట్టడం మొదలుపెట్టాడు. ఈనెకి ఈనె. పురుగు తిన్న చిల్లు దగ్గర గుడ్డని నిజంగానే కోసి, చుట్టూ కాజాకుట్టు వేశాడు. సాయంత్రం అద్దంలా నున్నగా వచ్చిన ఆ అంచుని వేలితో తడిమి చూసుకున్నాడు. చొక్కాకి కాకుండా ఇంకోదానికి కాజా తీయడం జీవితంలో అదే మొదటిసారి.

అప్పటి నుంచి పెరట్లో దొరికినదల్లా లోపలికి వచ్చేది. గులాబీ రెక్క, గడ్డిపోచ, గువ్వ రాల్చిన ఈక. ఆకుల మధ్య చీమల బారు కుట్టాడు. గోడ మీద పాకే నత్తని కిటికీలోంచి చూసి కుట్టాడు. ఒక మూల చిట్టి జడ, ఇంకో మూల భార్య చెప్పులు.

ఆవిడ రోజూ ఫోన్ చేసి ముందు ఇదే అడిగేది. "ఏం కుట్టావు ఇవాళ?"

"నీ చెప్పులు."

"కాళ్ల దాకా వచ్చావా! ముఖం కూడా కుట్టరాదేమయ్యా?"

"ముఖం నాకు చేతకాదే."

"ఇరవై రెండేళ్లుగా చూస్తూనే ఉన్నావుగా, ఇంకా చేతకాకపోవడమేంటి?" అంటూ నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

ముఖం కుట్టడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. ఒకసారి వాళ్లత్తగారిలా వచ్చింది, ఒకసారి ఎవరిలానూ రాలేదు. మూడుసార్లూ విప్పేశాడు. ఈలోగా ఫోన్లు కురచైపోయాయి. ఏడోరోజు ఆక్సిజన్ పెట్టారన్నారు. తొమ్మిదోరోజు ఫోన్ ఎత్తితే అటు నుంచి ఊపిరి చప్పుడు తప్ప మాట లేదు. ఆయనకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఎన్నడూ లేనిది ఆపకుండా మాట్లాడాడు. ఆరోజు చిట్టి పంపిన పుదీనా ఆకు గురించి, దాని ముడతల గురించి, ఆకుపచ్చ దారం అయిపోవచ్చిందని, ఏవేవో. చివరికి ఎవరో ఫోన్ తీసుకుని పెట్టేశారు.

మర్నాడు పొద్దున్న పదిన్నరకి ఫోన్ మోగింది. ఆవిడతో కలిసి పనిచేసే నర్సు.

"అన్నయ్యా..." అని ఆగిపోయింది. "అక్క ఇంక లేదన్నయ్యా. నేను పక్కనే ఉన్నాను. నా చేతులతోనే ఒళ్లు తుడిచి పంపించాను. మిమ్మల్ని రానివ్వరు. నన్ను క్షమించండి."

ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. తలుపు కింద నుంచి టమాటా ఆకు లోపలికి వచ్చింది.

"ఇవాళ నీ పని అయిపోయింది నాన్నా! అంచంతా రంపం పళ్లే, చూడు" అంది చిట్టి. "అమ్మ ఫోన్ చేసిందా?"

"ఇంకా లేదమ్మా."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆయనకి కాసేపటిదాకా తెలియలేదు. ఆకు తీసుకుని కూర్చున్నాడు. ఇది పూర్తవగానే చెప్తాను అనుకున్నాడు. కుట్టాడు. ఒక్కో పంటికీ రెండేసి కుట్లు చాలు, నాలుగు వేశాడు. వంటింట్లో చిట్టి ఏదో పాట కూనిరాగం తీస్తోంది, గిన్నెలు చప్పుడవుతున్నాయి. కళ్లకి నీళ్లు అడ్డొచ్చి సూది రెండుసార్లు వేలిలో దిగింది. కుట్టడానికి ఇంకేమీ మిగలనప్పుడు దారం కొరికి, తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"చిట్టీ."

"వస్తున్నా, అయిపోయింది వంట."

"వంట కాదమ్మా. ఇలా వచ్చి కూర్చో."

ఆయన చెప్పక్కర్లేకపోయింది. ఆ గొంతుకే చిట్టికి అర్థమైపోయింది. తలుపు మీద రెండు చేతులతో బాదడం మొదలుపెట్టింది. "తలుపు తియ్యి నాన్నా! ఒక్కసారి! నాకెవరున్నారు, తియ్యి!"

ఆయన తలుపుకి వీపు ఆనించి, కాళ్లు మంచానికి తన్నిపెట్టి కూర్చున్నాడు. "తియ్యనమ్మా. తియ్యను. మీ అమ్మ వద్దంది." అరిచాడో గొణిగాడో ఆయనకే తెలీదు. చాలాసేపటికి బాదడం ఆగింది. తలుపు కింద నుంచి నాలుగు వేళ్ల కొసలు లోపలికి వచ్చాయి. ఆయన వాటిని చూస్తూ ఉండిపోయాడు. ముట్టుకోలేదు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాడు.

ఇంకో వారానికి ఆయన్ని గదిలోంచి రమ్మన్నారు. వచ్చేసరికి చిట్టి సగమైపోయి ఉంది. ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. అక్కడితో అయిపోలేదు. నర్సుకి ఫోన్ చేద్దామని తండ్రి ఫోన్ తీసుకున్న చిట్టి, అందులో ఆ కాల్ వచ్చిన టైము చూసింది.

"పదిన్నరకే తెలుసా నీకు?"

"తెలుసు."

"నాకు పన్నెండింటికి చెప్పావు. నేను ఆకు ఇచ్చేసరికి తెలుసా?"

తలూపాడు.

"మా అమ్మ పోయాక గంటన్నర సేపు నేను పాట పాడుకుంటూ వంట చేశాను. నువ్వు పాడనిచ్చావు."

"ధైర్యం చాల్లేదమ్మా" అన్నాడు.

చిట్టి ఆయనతో మాటలు మానేసింది. అన్నం పెట్టేది, మందులిచ్చేది, మాట మాత్రం లేదు. షాపులు తెరిచారు. పొట్టి స్టూలు మీద కూర్చుంటే కాజాలు వంకర్లు పోయేవి. మాస్టరు తనే సరిచేసుకునేవాడు. ఒకరోజు ఇంటికొచ్చి ఆ దుప్పటి చూసి నిలబడిపోయాడు. "ఇది షాపులో పెడదామయ్యా, నలుగురూ చూడాలి" అన్నాడు.

"అది చూపించుకునేది కాదు మాస్టారూ" అన్నాడాయన.

ఒక ఆదివారం మధ్యాహ్నం చిట్టి దుప్పటి ఒళ్లో వేసుకుని, బ్లేడు తెచ్చుకుని, టమాటా ఆకు కుట్లు ఒక్కొక్కటే తెంపడం మొదలుపెట్టింది. ఆయన ఎదురుగా కూర్చున్నాడు. వద్దనలేదు. సగం ఆకు పోయాక, తలెత్తకుండానే, రెండు నెలల తర్వాత మొదటి మాట అడిగింది.

"అమ్మ చివరికి ఏమంది?"

ఏదైనా కల్పించి చెప్పచ్చు. నోరున్న మనిషి, ఏం చెప్పినా ఆవిడ అన్నట్టే ఉంటుంది. పిల్లని బాగా చూసుకోమంది అంటే సరిపోయేది. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఏమీ అనలేదమ్మా. ఊపిరే వినిపించింది. నేనే పిచ్చివాడిలా ఏదో మాట్లాడుతూ పోయాను. ఆవిడ విన్నదో లేదో తెలీదు."

చిట్టి బ్లేడు కింద పెట్టేసింది. దుప్పటిలో ముఖం దాచుకుని, ఇన్నాళ్లకి గొంతు విప్పి ఏడ్చింది. ఆయన వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"నాకింకా కోపం పోలేదు" అంది, కాసేపయ్యాక.

"సరేనమ్మా" అన్నాడు.