ఆవిరి పైపు మీద రెండు దెబ్బలు

మైక్రోస్కోపులో కనబడనిది నా దృష్టిలో లేనట్టే. బ్యాక్టీరియాను నమ్ముకుని బతికినదాన్ని, దయ్యాలను ఏనాడూ నమ్మలేదు.

స్టీము ఇంజన్లు పోతున్న రోజులవి. బిలాస్‌పూర్ శివార్లలో, మోప్కా దగ్గర ఓ చిన్న ఫ్యాక్టరీలో చేరాను. గుడ్డకు పట్టిన గంజిని కరిగించే ఎంజైమును బ్యాక్టీరియాతో తయారుచేసేవాళ్ళం. ముందు ట్యాంకులో బ్యాక్టీరియాకు పోసే మేతను ఆవిరితో కాచి, అందులోని వేరే క్రిములను చంపాలి. ఎక్కువసేపు కాస్తే మేత మాడి ఎంజైము తగ్గుతుంది. ఈసారి దిగుబడి పెరగకపోతే ల్యాబు మూసేస్తామన్నారు. కాచే నలభై నిమిషాలను ఇరవై అయిదుకు కుదించాను.

కింద బాయిలరు చూసే అప్పన్న మావయ్య రైల్వే లోకో షెడ్డులో రిటైరైన శ్రీకాకుళం మనిషి. ఆవిరి చాలితే పైపు మీద స్పానరుతో మూడుసార్లు కొట్టేవాడు. రెండు కొడితే, ఇంకా కట్టేయకుండా ఆగమని.

"గడియారం కాదమ్మా, ట్యాంకు అడుగునున్న వాల్వు ముట్టుకుని సూడు. అది సల్లగుంటే పురుగులు సావవు" అన్నాడు.

"ఇది ఇంజను కాదు మావయ్యా, మీకు తెలియని చదువు" అనేశాను. తాతకు దగ్గులు నేర్పడమంటే అదే. ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు డ్యూటీకి రాలేదు.

ఆ రోజు పదకొండున్నరకు, ఇరవై అయిదు నిమిషాలూ కాగానే ఆవిరి కట్టేయబోయాను. పైపు మీద రెండు దెబ్బలు. ఆగి, మళ్ళీ రెండు. ఒళ్ళు మండి కిందికి దిగాను. కొత్త బాయిలరు మనిషి బయట బొగ్గు ఎత్తుతున్నాడు. "మైనే నహీ బజాయా, మేడమ్" అన్నాడు, తను కొట్టలేదని.

అడుగు వాల్వు ముట్టుకున్నాను. చల్లగా ఉంది. తెరిస్తే నిలవున్న నీళ్ళు బయటికొచ్చాయి. వాల్వు వేడెక్కేదాకా ఆగి, అక్కడినుంచి ఇరవై అయిదు లెక్కపెట్టాను. కొన్నాళ్ళకు ఆ ట్యాంకు ముందెన్నడూ లేనంత ఎంజైము ఇచ్చింది. నా ఉద్యోగం నిలబడింది.

వాల్వు తెరిచిన రోజు సాయంత్రమే, మాట తప్పయిందని చెప్పుకుందామని ఊళ్ళో తెలిపారా పేటలో మావయ్య ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు జనం. మావయ్య పొద్దున్న పదింటికే పోయాడట.

"ఊపిరాడకపోయినా డ్యూటీకి ఎల్తానన్నారమ్మా" అంది అత్తయ్య నా చేయి పట్టుకుని. "'నానెల్లకపోతే ఆ పిల్ల తొందరపడి కట్టేస్తాది' అన్నారు. అదే ఆకరి మాట."

నాకు ఏడుపు ఆగలేదు.

పైపులో నిలిచిన నీళ్ళను ఆవిరి తోస్తే అలాంటి చప్పుళ్ళొస్తాయి. అది నాకు తెలుసు. రెండు కొట్టి, ఆగి, మళ్ళీ సరిగ్గా రెండే ఎందుకు కొట్టాయో మాత్రం ఇప్పటికీ తెలియదు. ఆ చప్పుళ్ళు నీళ్ళవల్లేనని అడిగినవాళ్ళందరికీ చెప్పాను. అత్తయ్యకు మాత్రం అలా చెప్పడానికి నోరు రాలేదు.