పిడికిట్లో దారం కొస

2023 ఎండాకాలం. సారపాకలో నా కుట్టు దుకాణం ముందు ఒక వ్యాను ఆగింది. అప్పటిదాకా నేను కుట్టినవి జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫాంలు. వ్యాను దిగిన కిరణ్ సారు ఫోనులో ఒక బొమ్మ చూపించి, "ఆకాశంలోకి పోయేవాళ్ల డ్రెస్సమ్మా. కుడతారా?" అన్నాడు.

"లోపల ఉండేది మనిషే గద సారూ?"

"మనిషే."

"అయితే కుడత."

మా ఆయన పోయాక ఆ మిషను మీదే ఇల్లు నడిపినదాన్ని. నాకు సంతకం వరకే వచ్చు. ఇది కూడా నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. కానీ మనిషి కొలత నాకు తప్పదు.

వాళ్లు తీస్తున్నది ఒక టీవీ సీరియల్ పైలట్. అంటే మొదటి భాగం ఒక్కటే తీసి చానల్ వాళ్లకు చూపిస్తారు. వాళ్లకు నచ్చితేనే మిగతా కథ. అందులో ఒక అమ్మాయి ఒంటరిగా వేరే గ్రహం మీద దిగుతుంది. ఆ గ్రహం మన గోదావరే. ఎండలకు నీళ్లు తగ్గి తేలిన ఇసుక తిన్నె, దాని వెనక అడవి అంచు. పొద్దున్నే ఇద్దరు మనుషులు చీపుర్లు పట్టుకుని గేదెల అడుగులు చెరిపి, పేడ ఎత్తిపోసేవాళ్లు. మనిషే అడుగు పెట్టని గ్రహం మీద గేదె ఎక్కడిది మరి!

కిరణ్ సారే డైరెక్టరు. ఆయన నోట్లో ఎప్పుడూ ఒకటే మాట, అక్యురసీ. తీసింది అబద్ధపు కథయినా చూపించే వస్తువు అసలుదానికి సరిపోవాలని అర్థం. నేను మొదట ముందు వైపు జిప్పు వేసి కుట్టాను. ఆయన ఒప్పుకోలేదు. "అసలు సూట్లలో కొన్నింటికి దారి వెనకనుంచే ఉంటుందమ్మా. లోపలికి దూరాక ఇంకొకరు మూయాలి. లోపలి మనిషి తనంతట తాను బయటికి రావడం కుదరదు."

సరేనని విప్పి, మెడ నుంచి నడుము దాకా వెనక తెరిచి, లోపల హుక్కులు పెట్టి, అవి కనబడకుండా పైన ఒక పట్టీ కప్పాను. ఆ పట్టీని ఫ్లాప్ అంటారు. తలకు పెట్టే బుర్ర, అదే హెల్మెట్, సూటు మెడకే బిగించి ఉంటుంది. గాలికి అందులో చిన్న ఫ్యాను.

వేసుకోవలసిన పిల్ల రజిత. కొత్తగూడెంలో బొగ్గుగని కార్మికుడి కూతురు. అదే ఆమె మొదటి వేషం. ట్రయల్ వేసి హుక్కులన్నీ పెట్టానో లేదో, గింజుకోవడం మొదలుపెట్టింది.

"తియ్యి పెద్దమ్మా! ఊపిరాడ్తలేదు, జల్దీ తియ్యి!"

ఫ్యాను బాగానే తిరుగుతోంది. విప్పి నీళ్లు తాగించాక చెప్పింది. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ వడ్ల గుమ్మిలో దాక్కుంటే పైన మూత పడిందట. ఎంత అరిచినా చాలాసేపు ఎవరికీ వినపడలేదట. అప్పటినుంచి మూసిన చోటంటే అంతేనట.

కిరణ్ సారు కోప్పడలేదు. కోప్పడితేనే నయమనిపించింది. "రేపు మధ్యాహ్నం దాకా చూద్దాం. కాకపోతే హైదరాబాద్ నుంచి ఇంకో అమ్మాయిని పిలిపిస్తా" అని వెళ్లిపోయాడు. రజిత ఇసుకలో గీతలు గీస్తూ కూర్చుంది.

ఆ పక్కనే వంటాయన బియ్యం బస్తా విప్పుతున్నాడు. కొస పట్టి లాగాడు. మూతి కుట్టంతా సర్రున ఊడి చేతికి వచ్చింది. అది చెయిన్ స్టిచ్. ఉచ్చులో ఉచ్చు వేసుకుంటూ పోయే కుట్టు. సరైన కొస దొరికితే చిన్నపిల్ల కూడా విప్పగలదు, దొరక్కపోతే కత్తెర కావలసిందే.

ఆ సాయంత్రమే హుక్కులు పీకేశాను. తెల్లారి రజితను సూటులో నిలబెట్టి, లావు తెల్లదారంతో మెడ నుంచి నడుము దాకా ఆ కుట్టు వేయబోయాను. మేకప్ వేసే సుజాత అడ్డం వచ్చింది.

"ఒంటిమీది బట్టకు సూది పెడ్తరా అక్కా? అందుల నువ్వు..."

"ఆగినవేంది? మొగుడు పోయినదాన్ని. అవ్. సూదికి గది తెల్వదు."

రజిత పకపకా నవ్వింది. "గుచ్చకుంటె చాలు పెద్దమ్మా, కుట్టు!"

ఒంటిమీది బట్ట కుడితే కీడు తగలకుండా మా అమ్మ చెప్పిన పద్ధతి ప్రకారం ఆ పిల్ల పళ్ల మధ్య ఒక దారప్పోగు పెట్టి మరీ కుట్టాను. నడుము దగ్గర తేలిన కొసను బెల్టు కిందనుంచి తీసి ఆమె ఎడమ పిడికిట్లో పెట్టాను.

"బిడ్డా, ఇది నీ తలుపు. ఎప్పుడు కావాల్నంటె అప్పుడు గుంజు. ఎవ్వల్నీ అడగకు."

వెంటనే గుంజి చూసింది. రెండు చేతులా లాగుతుంటే వీపంతా తెరుచుకుంది. మళ్లీ కుట్టాను.

కిరణ్ సారు చుట్టూ తిరిగి చూశాడు. "ఇదేంటమ్మా! దారం లాగితే ఊడిపోయే సూటా? అక్యురసీ ఏమైంది?"

"గ్రహం మీద గేదె పేడ ఉన్నది గద సారూ, మీరు ఎత్తిపిచ్చిన్రు. ఈ కొస కనవడకుండ నేను చూస్త."

ఆయనకు నవ్వు ఆగలేదు. "కనబడితే మళ్లీ తీయాలి మరి."

"కనవడది."

షాట్ మొదలైంది. రజిత ఇసుక మీద నడిచి, తూలి, మోకాళ్ల మీద పడాలి. నేను ఆమె మొహం చూడలేదు, పిడికిలే చూశాను. పడ్డప్పుడు ఆ పిడికిలి బిగిసింది. ఇక లాగేస్తుంది అనుకున్నాను. లాగలేదు. లేచి నడిచింది. షాట్‌కూ షాట్‌కూ మధ్య నేను విప్పడం, గాలి పోసుకున్నాక మళ్లీ కుట్టడం. అంతసేపట్లో ఒక్కసారి కూడా తనుగా లాగలేదు.

ఆఖరి షాట్ అయ్యాక ఆమె వెనక్కి పోయి కుట్టు విప్పబోయాను.

"ఆగు పెద్దమ్మా. గిది నేను గుంజుకుంట."

అందరి ముందూ బారలు బారలుగా దారం లాగి, చెమటతో తడిసి ముద్దయి, సూటులోంచి నవ్వుతూ బయటికి వచ్చింది.

పైలట్ చానల్ వాళ్లకు నచ్చింది. ఆ రోజే కిరణ్ సారు ఫోన్ చేశాడు. "ఆ పిడికిలి భలే ఉంది, ఎవరు చెప్పి చేయించారు అని అడిగారమ్మా!"

"నువ్వేమన్నవ్ సారూ?"

"రజిత నటన అన్నా."

"గదే నిజం. దారం నాది, పట్టు ఆ పిల్లది."

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే ఆడపిల్లలకు జాకెట్టు కంటే ముందు బస్తా కుట్టు చూపిస్తున్నాను. కుట్టించి, వాళ్ల చేతే లాగిస్తాను. మనిషిని లోపల పెట్టి మూసే బట్ట ఏదైనా సరే, కొస ఆ మనిషి చేతికే ఇవ్వాలని చెబుతాను. కొస తమ చేతిలో ఉన్నవాళ్లకు లాగాలన్న తొందర ఉండదు.