గడప దాటని చదువు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి బయటికి పోయే రకం నేను. మా పల్లెలో పాస్టరుగారు దయ్యాలు వెళ్లగొట్టే ప్రార్థన పెట్టినప్పుడు కూడా వెనక వరుసలో కూర్చుని ఆవలించేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. నాకు జరిగినదాంట్లో దయ్యం లేదు, తెల్లచీర లేదు, అర్ధరాత్రి లేదు. అంతా పట్టపగలు, చుట్టూ పదిమంది పనిచేసుకుంటూ ఉండగా జరిగింది. దయ్యమే అయ్యుంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

మా అక్క కరుణమ్మ బతికున్నన్నాళ్లూ నేను దీన్ని రాయలేదు. "నవ్వుతారురా, వొద్దు" అనేది. ఆమె పోయింది. ఇక నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. మార్కాపురం అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. మా నాయన దొనకొండ దగ్గర ఒక పల్లెలో కూలి. మా పేటలో స్కూలు ఫైనలు పాసైనవాణ్ణి నేనొక్కణ్ణే. రైలెక్కి వెళ్లి బి.ఏ.లో చేరినవాణ్ణీ నేనే. బి.ఏ. పాసైతే బడిలో మాస్టరునో, తాలూకా ఆఫీసులో గుమాస్తానో అవుతాను. తప్పితే నాయన పక్కన కొడవలి పట్టుకుంటాను. మధ్యలో ఇంకో దారి లేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు, అందరికీ తెలుసు.

హాస్టల్లో నలుగురు పట్టే గదిలో పదకొండుమందిమి ఉండేవాళ్లం. ఒకడు ఇంగ్లీషు బట్టీ పడుతుంటే ఇంకొకడు లెక్కలు పైకి చదివేవాడు, మూడోవాడు హార్మోనియం నేర్చుకునేవాడు. కూర్చోవడానికి నా ట్రంకుపెట్టె, రాసుకోవడానికి నా మోకాలు. క్లాసులో అంతా ఇంగ్లీషే. అప్పటిదాకా తెలుగులో చదివినవాణ్ణి, లెక్చరరు చెప్పే నోట్సులో సగం చెవిలో పడ్డది పడ్డట్టు రాసుకునేవాణ్ణి. ఫైనలు పరీక్షలో హిస్టరీ, ఎకనామిక్స్ రెండూ పోయాయి. హాస్టలు గోల అని చెప్పుకుంటే మా చిన్నాయన "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నాడు.

హిస్టరీ లెక్చరరుగారు ఒక్కరే నన్ను నమ్మారు. "నీకు తెలివి లేక కాదయ్యా, చదువుకునే చోటు లేక పోయింది. నాలుగు నెలలు ప్రశాంతంగా ఒక గదిలో కూర్చో. సెప్టెంబరులో మళ్లీ రాస్తే గట్టెక్కుతావు" అన్నారు. ఆ మాటను బైబిలు వాక్యంలా పట్టుకున్నాను.

ఆ చోటు అక్క చూపించింది. బావ పోయిన తర్వాత ఆమె మార్కాపురంలో ఒక పలకల కార్ఖానాలో పనికి చేరింది. రాయిని పలచగా చీల్చి, కోసి, ఇసుకా నీళ్లూ పోసి రుద్ది, చెక్క చట్రం బిగిస్తే పలక అవుతుంది. అక్కది చట్రానికి ముందు పని. ఒక్కో పలకను వేలి కణుపుతో కొట్టి వినాలి. కంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. పగులు పలకలన్నీ వెనక గదిలో పడేసేవాళ్లు. మేస్త్రిని బతిమాలి ఆ గదిని నాకు ఇప్పించింది.

రాతిబండల గోడలు, ఒక్క కిటికీ. మూడు వైపులా ఛాతీ ఎత్తున పగులు పలకల దొంతరలు. గడప లోపల అడుగు పెట్టగానే బయటి రంపాల చప్పుడు, ఆడవాళ్ల మాటలు టక్కున ఆగిపోయేవి. పలకల మందం వల్ల అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకోవాలని ఉంది.

కాగితం ఎక్కడ కొనగలం? ఆ పగులు పలకల మీదే బలపంతో రాసేవాణ్ణి. కాలేజీ నోట్సు చూసి ఒక జవాబు రాయడం, పైకి చదవడం, పలక నిండితే పక్కన పెట్టి ఇంకోటి తీయడం. మధ్యాహ్నం అక్క సంగటి ముద్దా ఎర్రకారం తెచ్చేది. నేను తింటుంటే ఆమె తడిగుడ్డతో పలకలన్నీ తుడిచి మళ్లీ దొంతర పెట్టేది. ఆమెకు అ ఆలు కూడా రావు. అయినా తుడిచేముందు ఒక్కో పలకను కాసేపు చూసేది.

ఆ గదిలో నాకు చదువు వచ్చింది. జన్మలో ఎప్పుడూ అట్లా రాలేదు. ఒకసారి రాస్తే చాలు, మనసులో నిలబడిపోయేది. చివరి నెలలో రాతిదుమ్ముకు గొంతు పట్టేసి మాట పెగల్లేదు. ఎకనామిక్స్‌లో చివరి మూడు పాఠాలు నోరు మెదపకుండా రాసుకుంటూ మాత్రమే చదివాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

నాతో స్కూల్లో చదివిన సుబ్బారెడ్డి బి.ఏ. పాసై మార్కాపురంలోనే మాస్టరుగా ఉండేవాడు. ఆదివారాలు వచ్చి పాత ప్రశ్నపత్రాలతో నన్ను పరీక్షించేవాడు. గదిలో ఎక్కడడిగినా తడుముకోకుండా చెప్పేవాణ్ణి. "నువ్వు ఫస్టు క్లాసే పో" అనేవాడు. ఒకసారి బస్టాండు దగ్గర టీ తాగుతూ అదే ప్రశ్న మళ్లీ అడిగాడు. నాకు ఒక్క ముక్క రాలేదు. జనంలో సిగ్గుపడ్డాననుకుని ఇద్దరం నవ్వుకున్నాం.

సెప్టెంబరులో పరీక్ష హాల్లో కూర్చున్నాను. ప్రశ్నపత్రం చూశాను. అన్నీ నేను రాసినవే, ఏ పలక మీద ఏ మూల రాశానో కూడా గుర్తుంది. ఆ పలక మాత్రం ఖాళీగా కనిపిస్తోంది. మూడు గంటలు కూర్చుని నా నంబరు రాసి ఇచ్చి వచ్చేశాను. రెండో పేపరూ అంతే.

మార్కాపురం తిరిగొచ్చి ఆ గదిలో అడుగు పెట్టగానే ప్రశ్నలన్నిటికీ జవాబులు వరసగా వచ్చేశాయి. అక్కడే కూలబడి ఏడ్చాను.

సుబ్బారెడ్డి లెక్క ప్రకారం పోయే మనిషి. గడప మీద బలపంతో గీత గీశాడు. గీతకు లోపల నిలబెట్టి అడిగాడు, చెప్పాను. బయట నిలబెట్టి అడిగాడు, ఒక్క ముక్క రాలేదు. వాక్యం మధ్యలో చెయ్యి పట్టి బయటికి లాగితే ఆ వాక్యం అక్కడే తెగిపోయింది. మళ్లీ లోపలికి తోస్తే తెగిన మాట దగ్గరనుంచే అందుకున్నాను. మూడు ఆదివారాలు అట్లా చేసి నోటుబుక్కులో రాసుకున్నాడు.

"ఏందిరా ఇది! మనసు బెదిరిపోయినట్టుంది. ఇంకోచోట కూర్చొని సదువు" అన్నాడు.

చర్చిలో కూర్చున్నాను. కొండ పక్కన కూర్చున్నాను. మార్కాపురం రోడ్డు స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాను. అక్కడంతా నా మామూలు బుర్రే, పొద్దున చదివింది సాయంత్రానికి ఉండేది కాదు. మార్చిలో గదిలోంచి ఒక రాతిముక్క జేబులో వేసుకుని పరీక్షకు పోయాను. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను. అదీ పనిచేయలేదు.

నాయన మాత్రం "నవ్విన నాపసేనే పండుతాదిలే" అన్నాడు. రెండు రోజుల తర్వాత అక్క సంగటి పెడుతూ అడిగింది.

"పరీక్ష ఈడనే పెట్టమని మీ దొరలను అడగరాదా తమ్ముడా? ఒక్కడివే గదా. ఒక బల్ల, ఒక కుర్చీ, అంతే గదా."

నవ్వు రాలేదు నాకు. నిజంగానే పోయాను. ప్రిన్సిపాలుగారి ముందు నిలబడి, ఒక మనిషిని కాపలా పంపండి, అతని రైలు ఖర్చు నేనే పెట్టుకుంటాను, ఆ గదిలో పరీక్ష రాయనివ్వండి అని అర్జీ ఇచ్చాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. అర్జీ రెండుసార్లు చదివి, అటెండరును పిలిచి నాకు మంచినీళ్లు ఇప్పించారు. బయటికొచ్చాక ఆ అటెండరు మెల్లగా, "ఊరికి పోయి తలకు నిమ్మకాయ రుద్దించుకో నాయనా" అన్నాడు.

ఇక చాలనుకున్నాను. ట్రంకుపెట్టె తెచ్చుకుందామని కార్ఖానాకు వెళ్లేసరికి మధ్యాహ్నం. ఆడవాళ్లంతా నీడన కూర్చుని తింటున్నారు. నా గదిలోంచి ఇంగ్లీషు వినిపించింది.

గొంతు అక్కది. మాటలు నావి. వడ్డీ గురించిన జవాబు, మొదటి పేరా నుంచి. నేను ఆగే చోటే ఆగుతోంది. ఒళ్లో పలక పెట్టుకుని తడిగుడ్డతో తుడుస్తూ, కళ్లు తెరిచే ఉంది. గడప దగ్గర ఓబులమ్మ అనే కార్ఖానా కూలి తట్ట చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. "మీయక్క దొరసాని మాదిరి మాట్లాడతాందేందయ్యా?" అంది నాతో. అది విన్నది నేనొక్కణ్ణే కాదని చెప్పడానికి ఆమె పేరు రాస్తున్నాను.

అక్క నన్ను చూసి తప్పు చేసినదానిలా లేచి నిలబడింది. "నాకేం తెల్దురా. పలక తుడుస్తాంటే నోటికొస్తాది. శానా దినాల్నుంచి వస్తాంది. నీకు చెప్తే కోపం జేసుకుంటావని చెప్పలే."

నేను గబగబా లోపలికి అడుగు పెట్టాను. నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఆ గదిలో కూడా.

"నీదే గదా, తీసుకోరా" అంది అక్క. ఎట్లా ఇవ్వాలో ఆమెకు తెలియదు, ఎట్లా తీసుకోవాలో నాకు తెలియదు. చివరికి ఆమె గడప లోపల నిలబడి చెప్పింది, నేను బయట ఎండలో కూర్చుని రాసుకున్నాను. మధ్యాహ్నం తిండి మానుకుని వారం రోజులు అట్లా చెప్పింది. నేను నోరు మెదపకుండా చదివిన ఆ మూడు పాఠాలు కూడా చెప్పింది. సుబ్బారెడ్డి నా నోట్సుతో పోల్చి చూశాడు. అక్షరం తేడా లేదు. అతను పుస్తకం మూసి ఇంటికి పోయాడు. ఆ తర్వాత ఆ గది వైపు రాలేదు.

నేను రాసుకున్న ఆ కాగితాలు ఎన్నిసార్లు చదివినా నాకు నిలబడలేదు. నాలుగోసారి కూడా తప్పాను.

ఫలితం తెలిసిన రోజు నాయన చూరులోంచి రెండో కొడవలి తీసి, తుప్పు గీకి, నా పక్కన పెట్టాడు. దాంతోనే నా బతుకు గడిచింది.

కొన్నాళ్లకు మేస్త్రి ఆ పగులు పలకలన్నీ తీయించి గదిలో చట్రాల చెక్క వేయించాడు. ఆ తర్వాత అక్కకు కూడా ఏమీ రాలేదు. వెళ్లి నిలబడి చూసిందట. తర్వాత ఎప్పుడో చెప్పింది.

నేను తెలిసినవాళ్లను అడిగాను. భయం వల్ల మరుపు వస్తుందని ఒక డాక్టరు అన్నాడు. నేర్చిన చోటే గుర్తుకు రావడం అందరికీ కాస్తో కూస్తో ఉంటుందని ఒక మాస్టరు అన్నాడు. నా మరుపుకు అది సరిపోతుందేమో. నేను పైకి చదవని పాఠాలు అక్షరం రాని మా అక్క నోటికి ఎట్లా వచ్చాయో ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను.

అక్క మంచాన పడ్డాక ఒకరోజు అడిగాను, ఆ మాటలు నీకు అర్థమయ్యేవా అని.

"అర్థం ఏడయితాదిరా" అంది. "ఆ మాటలు నోట్లో ఉన్నంతసేపు ఆకలి తెలిసేది కాదు. నాయన నన్ను గూడా బడికి పంపినట్టుండేది."

ఆ చదువు నాకు దక్కలేదని అప్పటికి నలభై ఏళ్లుగా ఏడుస్తున్నాను. అక్కకూ దక్కలేదన్న సంగతి ఆ రోజు దాకా నాకు ఒక్కసారి కూడా తోచలేదు.