చేతులు వెనక్కి కట్టుకున్న మనిషి

ఫలక్‌నుమాలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు అంకుల్ థర్మాకోల్ డబ్బాలో బల్బు బిగించి కోడిగుడ్లు పొదిగించేవారు. పిల్లలు పెంకు పగలగొట్టుకుని వచ్చే రోజున చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు నిలబడేవారు. మమ్మల్నీ అలాగే నిలబెట్టేవారు.

"ఎవ్వలు ముట్టొద్దు. దాని తాకత్‌తోని అదే రావాలె. మనం పెంకు తీస్తే జిందగీల నిలబడది."

ముప్పై దాటిన కొడుక్కి రోజూ చేపముల్లు తీసిపెట్టేది ఈయనేనని మేం గుర్తు చేసేవాళ్లం కాదు.

ఒకసారి ఒక పిల్ల పెంకుకు చిల్లు పెట్టి ఆగిపోయింది. లోపలి పొర ఎండి దాని ఒంటికి అతుక్కుంది. పొద్దుటి నుంచి కిచకిచలాడింది కాస్తా సాయంత్రానికి ఊరుకుంది. అంకుల్ మమ్మల్ని చాయ్ తాగి రమ్మని పంపేశారు. తిరిగొచ్చేసరికి పిల్ల బల్బు కింద తడితడిగా వణుకుతూ అరుస్తోంది. అంకుల్ చేతులు యథాప్రకారం వెనకే ఉన్నాయి.

"చూసిన్రా, అదే వచ్చింది" అన్నారు.

ఆయన వెనక నిలబడ్డ ఆంటీ మెల్లగా అడిగింది.

"మరి చేతిల ఆ తడి దూది ఏంది?"

"చెమట తుడుసుకున్న."

"మంచిది. రేపటి సంది దీనికి గూడ చేపముల్లు తీసిపెట్టు."