ఎస్తేరమ్మ టీచర్ తొట్టిలోకి వచ్చిన నక్షత్రచేప

ఇప్పుడు కుప్పంలో మా ఇంట్లో నా చిన్న గాజుతొట్టి కోసం బకెట్ నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపినప్పుడల్లా, ఆ తడి వాసనకు ఎస్తేరమ్మ టీచర్ గుర్తొస్తారు. అప్పట్లో మదనపల్లెలో ఆమె జీవశాస్త్రం చెప్పి రిటైరైన బడిలోనే నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వెళ్లేదాన్ని. అప్పటికి సముద్రాన్ని ఒక్కసారీ చూడని నాకు, ఆమె ఇంట్లోని ఉప్పునీటి గాజుతొట్టి, అందులో పువ్వుల్లా విచ్చుకునే పగడాలు పెద్ద వింత. బడి వదలగానే అక్కడికే పరుగు.

ఒక సాయంత్రం, తొట్టి కోసం సముద్రం నుంచి కొత్తగా తెప్పించిన రాయి మీద గోరంత తెల్లటి నక్షత్రచేప కదిలింది. దాన్ని ఎవరూ కొనలేదు, ఎవరూ వేయలేదు. రాయి పగుళ్లలో దాక్కుని అదే వచ్చేసింది. నక్షత్రచేపకు ఐదు చేతులని పిల్లలకు చెప్పేదాన్ని. దీనికి ఆరున్నాయి, అందులో మూడు పొట్టివి.

"ఇదేం రకం టీచర్?" అన్నాను.

"నాకూ తెలీదమ్మా. యాడ తిరుగుతాండాదో, ఏం తింటాండాదో రాసుకో."

నాలుగో రోజు అది ఆమెకు ఎంతో ఇష్టమైన ఆకుపచ్చ పగడం మీద కూర్చుని ఉంది. పగడం పూర్తిగా ముడుచుకుపోయింది. ఫోన్లో వెతికితే, ఇలాంటి వాటిలో పగడాలను తినేవీ ఉంటాయని కనబడింది.

"ఇదే టీచర్. తీసి పారేద్దాం."

"తినేది నువ్వు సూసినావా?"

"దాని మీదే ఉంది కదా."

"ఉండాది. తింటాండాదా అని అడుగుతాండా."

మెత్తటి కుంచెతో దాన్ని లేపి, ఉప్పునీళ్ల సీసాలోకి మార్చారు. లోపల ఒకవైపు అదే పగడం ముక్క, ఇంకోవైపు పాచి పట్టిన గాజుపలక పెట్టారు. రెండు రోజుల్లో అది పగడం వైపు పోనేలేదు. గాజు మీద మాత్రం అది నడిచిన మేర పాచి పోయి, వేలితో గీసినట్టు దారి పడింది. తొట్టిలో పగడం ఇంకా ముడుచుకునే ఉంది. టీచర్ దాన్ని తిరగేశారు. అడుగున మిరియపు గింజంత నత్త అతుక్కుని తింటోంది.

"నేనూ నక్షత్రాన్నే అనుమానించినానమ్మా," అన్నారామె నవ్వుతూ. "పైకి చెప్పలా, అంతే."

నత్తను తీసేసిన మూడో రోజుకు పగడం విచ్చుకుంది. ఆ సంతోషంలో సీసా దగ్గరికి వెళితే, నక్షత్రం రెండుగా విడిపోయి, రెండు సగాలూ చెరో వైపు నడుస్తున్నాయి. చచ్చిపోతోందని నేను కంగారుపడ్డాను. టీచర్ చప్పట్లు కొట్టారు.

"సావడంలా, రెండైతాండాది. పొట్టి చేతులు ఎందుకుండాయో ఇప్పుడు తెలిసిందా? ముందే ఒకసారి ఇట్లే సీలింది, మళ్లీ మొలుస్తాండేవి అవి."

టీచర్ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నా తరగతిలో ఎవరైనా అగ్గిపెట్టెలో పురుగును తెచ్చి "ఇదేంది మేడమ్" అని అడిగితే, పేరు నోటిదాకా వచ్చినా ఆపుకుంటాను. "తెలీదమ్మా, సూద్దాం పట్టు" అంటాను. అన్నాక నిజంగానే, ఆ పురుగును మొదటిసారి చూస్తున్నట్టు నేనే ముందు వంగుతాను.