సంగు ఊదినప్పుడల్లా గంజి

రాగిగంజిలో శొంఠిపొడి పడగానే లేచే ఘాటు ఈ ఉదయం మా వంటింటిని నింపింది. జ్వరం నుంచి తేరుకుంటున్న మనుమరాలి కోసం కాస్తున్నాను. గరిటె తిప్పుతుంటే నా చెవులు మిల్లు సంగు కోసం వెతికాయి. కోయంబత్తూరులో మేము సంగు అని పిలిచే ఆ సైరను మూగబోయి ఏళ్ళయింది. అయినా ఈ వాసనతో జ్ఞాపకంలోకి సారవ్వ వస్తుంది, ఆమె వెంట సంగూ వస్తుంది.

యుద్ధకాలంలో జపాను సైన్యం మలయా రబ్బరు తోట నుంచి మా అమ్మానాన్నలను రైలుమార్గం పనికి తోలుకుపోయింది. వాళ్ళు తిరిగి రాలేదు. నేనూ తమ్ముడు దావీదూ దుంపలు, ఆకులు తిని బ్రతికాం. యుద్ధం ముగిసి విడుదల వచ్చాక, ఇండియాకు వచ్చే ఓడలో వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. కోయంబత్తూరు మిల్లు లైన్లలో, అంటే కూలీల వరుస ఇళ్ళలో ఉన్న మామ ఇల్లు చేరేసరికి వాడి కాళ్ళు పుల్లలు, కడుపు కుండ.

దేవుడు మమ్మల్ని చావునోటి నుంచి తప్పించాడని తెలుగు సంఘమంతా పొంగిపోయింది. ఆదివారం గుడిలో పాస్టరు అయ్యగారు తప్పిపోయిన కుమారుని కథ ప్రసంగించి, ఆ తండ్రి క్రొవ్విన దూడను కోయించినట్టే మనమూ ఈ బిడ్డలకు విందు చేయాలన్నారు. గుడి వెనుక మటన్ ఉడికింది. తమ్ముడు విస్తరాకు మీదికి రెండు చేతులూ చాచాడు. అంతలో, ఇంటింటికీ తిరిగి బైబిలు వాక్యం చదివి వినిపించే ముసలి సారవ్వ వచ్చి ఆ ఆకు లాగేసింది.

“అయ్యగారూ, ఆ కొడుకు ఆకలికి పందులు మేసే పొట్టునన్నా చూసినాడు. ఈ బిడ్డలు అదీ చూళ్ళేదు,” అంది. “చచ్చిన చిన్నదాన్ని లేపినంక ప్రభువు ఏమన్నాడు? తినేకి పెట్టండన్నాడు. విందు చేయమన్లేదు.”

బిడ్డల నోటికాడి కూడు లాగేసిందని అత్త ఏడ్చింది. తన ఆకులో ముక్క పడలేదని ముసలిదానికి కడుపుమంట అని ఎవరో నవ్వారు. సారవ్వ మామను పక్కకు పిలిచి తన చిన్ననాటి ధాతు నామ సంవత్సరపు కరువు సంగతి చెప్పింది. గంజి పోసే చోటి దాకా ప్రాణంతో నడిచి వచ్చిన ఆమె అన్న, ఎవరో జాలిపడి కడుపునిండా పెట్టిన అన్నం తిని అక్కడే పోయాడట. “కరువు చంపనోణ్ణి కూడు చంపినాది, సామీ.”

మామ మమ్మల్ని ఆమెకు అప్పగించాడు. మిల్లు సంగు ఊదినప్పుడల్లా శొంఠి వేసిన రాగిగంజి చిన్న లోటాడు, మళ్ళీ ఊదేదాకా ప్రార్థన, కథలు. తమ్ముడు ఖాళీ లోటా పట్టుకుని ఇంకా ఇంకా అని ఏడ్చేవాడు. “సంగు ఊదనీ కన్నా. గంజి యాడికీ పోదు,” అనేది. రబ్బరు తోటలో అప్పుడే ఉన్న కూడు మరుక్షణం ఉండేది కాదు. ఇక్కడ సంగు తప్పక ఊదేది, ఆమె తప్పక వచ్చేది. దేవుడు నమ్మదగినవాడని వాక్యంలో చదవకముందే ఆ లోటాలో నేర్చుకున్నాను.

గంజిలో మెతుకులు చేరాయి, తరువాత పప్పు. ఒక మధ్యాహ్నం తమ్ముడు కంచంలో చిన్న ముద్ద మిగిల్చి, “చాలవ్వా,” అన్నాడు.

సారవ్వ ఎంగిలి చేత్తోనే వీధిలోకి వెళ్ళి అత్తను కేకేసింది. “బిడ్డ చాలన్నాడే! అయ్యగారికి చెప్పు, ఇంక దూడను కోయమని.”

ఇప్పుడు మనుమరాలు లోటా ఖాళీ చేసి చేయి చాచింది. గంజి ఎక్కడికీ పోదమ్మా అన్నాను. సంగు లేదు కనుక గడియారం వైపు చూశాను. ఈ పిల్ల కూడా “చాలు” అనే రోజు తొందరగా ఇమ్మని ప్రభువును అడుగుతూ గిన్నెకు మూత పెట్టాను.